ఫైలు లావెక్కుతోంది, జబ్బు పేరు తెలియట్లేదు

విజయవాడ డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి, పరీక్షల విభాగం పెద్దలకు, గుంటూరు, విజయవాడ ప్రభుత్వ వైద్య కళాశాలల ప్రొఫెసర్లకు నమస్కారాలు.

నేను ఆర్టీసీ కండక్టర్‌ని. సత్తెనపల్లి, గుంటూరు మధ్య పల్లెవెలుగులో టికెట్లు కొడతాను. జబ్బు పేరు వెంటనే తేలని రోగిని ఎలా చూడాలో మీ విద్యార్థులకు నేర్పండి, పరీక్షలోనూ పెట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం. డాక్టర్లకు ఏం నేర్పాలో చెప్పడానికి ఈవిడెవరని మీకు అనిపించవచ్చు. నాకు లూపస్ ఉంది, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. దాని పేరు తెలియకుండా కొన్నేళ్లు తిరిగాను. ఇక రోజూ నా బస్సెక్కే జనంలో, అప్పటి నాలాగే తిరుగుతున్నవాళ్లను చూస్తున్నాను. ఈ ఉత్తరం రాసే అర్హత ఇంతే.

బస్సులో ఆసుపత్రికి వెళ్లేవాళ్లను గుర్తుపట్టడం కష్టమేం కాదు. కొత్తగా జబ్బుపడిన మనిషి చేతిలో ల్యాబ్ పేరు అచ్చేసిన పల్చటి కవరు ఉంటుంది. పాత జబ్బు మనిషి చేతిలో బట్టల షాపు సంచి ఉంటుంది. అందులో రకరకాల ఆసుపత్రుల ఫైళ్లు, చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసిన ఎక్స్‌రేలు, నీళ్ల సీసా, ఒక అన్నం డబ్బా. కూర్చోగానే సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంటారు. "ఎక్కడికమ్మా?" అంటే "కొత్తపేట" అంటారు. గుంటూరులో కొత్తపేట అంటే ఇంక ఏ ఆసుపత్రి అని అడగక్కర్లేదు, వీధివీధంతా అవే. విజయవాడ వాళ్లకు సూర్యారావుపేట ఎలాగో మాకది అలాగ. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఇలాంటి సంచులతో ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు నా బస్సులో పెరిగారు. ఇదివరకు తోడు వచ్చేవాడికి కూడా చార్జీ చూసుకుని ఊరుకున్నవాళ్లు కాబోలు. వాళ్లకు జీరో టికెట్ కొట్టి ఇచ్చేటప్పుడు నా కళ్లు ముందు వాళ్ల వేళ్ల మీదికే పోతాయి. అలవాటైపోయింది.

నా జబ్బు కూడా వేళ్ల దగ్గరే మొదలైంది. పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి ఉండేవి. మొదటి సర్వీసు డ్యూటీ పడిన రోజు టికెట్ మిషన్ బటన్లు నొక్కడానికి బొటనవేలు వంగేది కాదు. పేరేచర్ల దాటేసరికి కాస్త సాగేవి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, థర్మామీటరు పెడితే పెద్ద జ్వరమేం ఉండేది కాదు. నోట్లో అంగిట పుళ్లు లేచేవి. నొప్పి లేదు కనుక పట్టించుకోలేదు. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. అన్నిటికన్నా పెద్దది నీరసం. దాన్ని నీరసం అనాలని కూడా లేదు. డబుల్ డ్యూటీ చేసిన నీరసం నాకు తెలుసు, అది పడుకుంటే పోతుంది. ఇది పడుకుని లేచాక కూడా అలాగే ఉంటుంది.

మా ఊరి ఆర్‌ఎంపీ గారు వైడాల్ పరీక్ష రాయించి టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు ఎక్కించారు. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ తేల్చకూడదని తర్వాత తెలిసింది. మా పల్లెల్లో ఎన్ని జ్వరాలు ఆ పేరు మీద సాగిపోతున్నాయో! పట్నం వెళ్తే చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు. అదీ మరీ అన్యాయమైన అనుమానం కాదు. 2006 ప్రాంతంలో ఆ జ్వరం మన రాష్ట్రాన్ని ఊపేసింది, నెలల తరబడి కీళ్లు పట్టేసిన వాళ్లు ఇప్పటికీ ఇంటికొకరున్నారు. ఇంకోచోట థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చారు. నరాల వీక్‌నెస్ అని సూదులు పొడిచారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం కాదన్నారు. మరి ఏంటని అడిగితే జవాబు లేదు. మధ్యలో ఒకాయన చిన్న తెల్లమాత్ర ఇచ్చారు. వేసుకున్న వారమంతా నేను పాత మనిషినైపోయాను. మానగానే ముందుకన్నా ఎక్కువైంది. అది స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పలేదు, చీటీ మీద పేరు నాకు చదవరాలేదు. అది వేసుకుంటే జబ్బు ముసుగేసుకుంటుందని, పరీక్షల్లో దొరకాల్సినవి కూడా దొరక్కపోవచ్చని, ఎక్కువ రోజులు వాడాక ఉన్నట్టుండి ఆపకూడదని తెలిసేసరికి చాలా కాలం గడిచింది.

వీళ్లంతా చెడ్డవాళ్లని రాయడం లేదు. నాకు అందరికన్నా ఎక్కువ నష్టం చేసిన డాక్టరు గారు అందరికన్నా మంచిగా మాట్లాడినాయన. వయసులో పెద్దాయన. నా భుజం తట్టి, "నువ్వు నా కూతురు లాంటి దానివమ్మా. రిపోర్టులన్నీ నార్మల్. నీకేం లేదు, హాయిగా తిని పడుకో, మనసులో ఏదీ పెట్టుకోకు" అన్నారు. ఫీజు కూడా సగమే తీసుకున్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన నా చేతులు పట్టి చూడలేదు, నోరు తెరవమనలేదు, మూత్రపరీక్ష రాయలేదు. ఆ తియ్యటి మాట పట్టుకుని నేను చాలా నెలలు ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. డాక్టర్లలో దయ ఉండాలని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకిప్పుడు ఆయనే గుర్తొస్తారు. దయకేం, ఆయన దగ్గర కావలసినంత ఉంది.

డాక్టరు "ఏమీ లేదు" అన్న మాట ఆ గదిలోనే ఆగదు. ఇంటికి వస్తుంది. మా అత్తగారు మంచిదే, కానీ "డాక్టరే ఏం లేదన్నాక ఇంకేంటమ్మా" అనడం మొదలుపెట్టింది. డ్యూటీలో సాటివాళ్లు ఎండాకాలం వస్తే నాకు జబ్బొస్తుందని నవ్వేవాళ్లు. నిజంగానే ఎండాకాలంలోనే ఎక్కువయ్యేది! మన బెజవాడ, గుంటూరు ఎండల్ని తట్టుకోలేక మామూలు మనుషులే సొమ్మసిల్లుతుంటే నా మాట ఎవరు నమ్ముతారు? ఎండకి నా బుగ్గలు, ముక్కు మీద ఎర్రగా కందితే మంగు అనుకుని క్రీము రాసుకున్నాను. ఆ ఎరుపే ఒక సూచన అని, లూపస్ ఉన్నవాళ్లకు ఎండలోని అతినీలలోహిత కిరణాలు జబ్బును రెచ్చగొడతాయని, నా మీద వేసే జోకులోనే జబ్బు ఆనవాలు ఉందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మా అన్నయ్య కూతురు ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు నా సంచి అంతా మంచం మీద పరిచి చూసి, "అత్తా, నువ్వు ఒకసారి రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లు" అంది. ఆ పేరే నేను వినలేదు. కీళ్లకు ఎముకల డాక్టరు, జ్వరానికి జనరల్ డాక్టరు, చర్మానికి చర్మం డాక్టరు అనుకుంటాం. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మన మీద తిరగబడితే దానికి వేరే డాక్టరుంటారని పల్లెల్లో ఎంతమందికి తెలుసు? విజయవాడలో ఒకాయన ఉన్నారంటే వెళ్లాను. ఆయన పేరు రాయను. ఇది ఆయనకు కట్టే సన్మానం కాదు, పైగా ఇప్పటికే ఆయన దగ్గర నంబరు దొరకడం కష్టంగా ఉంది.

బయట కూర్చున్నప్పుడే కాంపౌండరు ఒక కాగితం, పెన్ను ఇచ్చారు. తెలుగులో ఉంది. పొద్దున లేచాక కీళ్లు బిగుసుకుపోయి ఉండటం ఎంతసేపు? చల్లనీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడతాయా? ఎండకి ఒంటి మీద దద్దుర్లొస్తాయా? నోట్లో పుళ్లు, కళ్లు ఎండిపోవడం, జుట్టు ఊడటం ఉన్నాయా? కింద మనిషి బొమ్మ, ముందువైపు, వెనకవైపు, నొప్పి ఉన్నచోట చుక్క పెట్టమని. రాయడం రానివాళ్లకు కాంపౌండరే అడిగి నింపుతున్నారు. నా పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడు ఉన్నాడు, డిస్క్ అని ఏళ్లుగా బెల్టు పెట్టుకుని తిరుగుతున్నాడట. అతని కాగితంలో "నడుం నొప్పి విశ్రాంతి తీసుకుంటే ఎక్కువవుతుందా, నడిస్తే తగ్గుతుందా?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయి, "అవునండీ, నాకు ఉల్టాగా నడిస్తేనే తగ్గుద్ది, ఎవరూ అడగలా ఇన్నాళ్లూ" అన్నాడు నాతో. అంతలో లోపల్నించి డాక్టరు గారి గొంతు గట్టిగా వినిపించింది. ఎవరో పెద్దాయన చెప్పకుండా మాత్రలు మానేశారట. "మానెయ్యాలనిపిస్తే ముందు నాకు చెప్పండి, తిట్టను. చెప్పకుండా మానేస్తే మాత్రం తిడతాను" అంటున్నారు, తిడుతూనే. ఈయనేంటి ఇంత కోపిష్ఠి అని నాకు గుబులేసింది.

లోపలికెళ్లాక నా సంచి తీసి బల్ల మీద పెట్టబోయాను. "అవి తర్వాత. ముందు మీరు చెప్పండి. ఒంట్లో బాగున్న ఆఖరి రోజులు ఎప్పుడు? అక్కణ్నించి మొదలుపెట్టండి" అన్నారు. నేను మామూలుగా జబ్బు దగ్గర మొదలుపెట్టేదాన్ని. బాగున్న రోజుల్నించి చెప్పమంటే వరస దానంతటదే వచ్చింది. మధ్యలో ఆయన ఆపలేదు. ఫోను మోగితే తిప్పి పెట్టేశారు. అయ్యాక వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూశారు, గోళ్ల మొదళ్లు చూశారు, నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి చూశారు, జుట్టు పాయలు తీసి మాడు చూశారు. బస్సులో ఏ వైపు కూర్చుంటారు, ఎండ ఏ చెంప మీద పడుతుంది అని కూడా అడిగారు. ఆ ప్రశ్నకు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు.

అప్పుడు సంచి అడిగారు. కాగితాలన్నీ తారీఖు వరసలో పేర్చారు. ఇన్ని చోట్ల తిరిగాను, ఇంతమంది చూశారు, వరసలో పెట్టిన మనిషి ఈయనొక్కరే. ఒక పాత రిపోర్టు మీద వేలు పెట్టి, "ఈఎస్‌ఆర్ ఇంత పెరిగి ఉంది, సీఆర్‌పీ మామూలుగా ఉంది. తెల్లకణాలు కొంచెం తక్కువున్నాయి. అప్పుడే ఇక్కడుంది చూశారా" అన్నారు. ఈ రెండూ ఒంట్లో వాపు ఉందేమో చూపే రక్తపరీక్షలు. వాపు ఉండి ఈఎస్‌ఆర్ పెరిగినా సీఆర్‌పీ పెరక్కపోవడం లూపస్‌లో తరచూ కనిపించే తీరట. ఆ రిపోర్టు కొన్నేళ్లుగా నా సంచిలోనే ఉంది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊళ్లు తిరుగుతున్నాను.

ఒక్క విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆయన మా వారిని కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు వేశాక, "గర్భం పోవడం ఏమైనా జరిగిందా అమ్మా? చెప్పాలనిపిస్తేనే చెప్పండి" అన్నారు. జరిగింది. పెళ్లైన కొత్తలో. దాని గురించి ఇంట్లో కూడా మాట్లాడుకోం. కీళ్ల నొప్పులకు వచ్చిన మనిషిని ఆ సంగతి ఎందుకడిగారో కూడా చెప్పారు. లూపస్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలుంటాయి, వాటివల్ల గర్భాలు నిలవకపోవచ్చు, అందుకని పరీక్ష చేయాలి అన్నారు. చేయించాం. నాకది నెగటివ్ వచ్చింది, అంటే ఆ బిడ్డ ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. కానీ ఏదైనా పాపం వల్లో, బరువులెత్తడం వల్లో, డ్యూటీ వల్లో అని కాకుండా, అది వైద్యంలో అడగదగిన ప్రశ్న అని ఒక మనిషి నాతో అనడం అదే మొదటిసారి.

మన ఒంటి కణాల మీదే తిరగబడే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయేమో చూసే ఏఎన్‌ఏ పరీక్ష రాస్తూ ముందే హెచ్చరించారు. "ఇది పాజిటివ్ వస్తే గూగుల్ చూసి భయపడకండి. తక్కువ మోతాదులో, 1:80 దగ్గర, అంటే రక్తరసాన్ని 80 వంతులకు పల్చన చేసి చూస్తే, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా నూటికి 13 మంది దాకా పాజిటివ్ వస్తారు" అన్నారు. వచ్చింది, పాజిటివే. మళ్లీ వెళ్లినప్పుడు జబ్బు పేరు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క రాశారు. యూరప్, అమెరికా రుమటాలజిస్టుల సంఘాలు కలిసి 2019లో ఒక పద్ధతి పెట్టాయట. ఏఎన్‌ఏ ఉంటేనే లెక్క మొదలు, ఆ పైన ఒక్కో లక్షణానికి పాయింట్లు, మొత్తం 10 చేరాలి. కీళ్లకు 6, నోటి పుళ్లకు 2. జుట్టు ఊడటం కూడా ఆ పుళ్ల గుంపులోనిదే కనుక విడిగా కలపరు. నా సాయంత్రపు వెచ్చదనం జ్వరం లెక్కలోకి వచ్చేంత వేడి కాదు. తెల్లకణాలు కూడా లెక్కలోకి వచ్చేంత తగ్గలేదు. బుగ్గల ఎరుపు ఆయన చూసే సమయానికి లేదు. మొత్తం 8. "ఈ లెక్క పరిశోధనల కోసం పెట్టింది, మిమ్మల్ని చూడటం కోసం పెట్టింది కాదు. పేరు ఇవాళ గట్టిగా చెప్పలేను. ఈ దారిలోనే వెళ్తోందని నాకు అనుమానం. మీకున్న బాధ మాత్రం నిజం. ఏ నెలకానెల ఏం చూడాలో రాసిస్తాను, ఈలోగా ఇవి జరిగితే వెంటనే రండి" అని రాసిచ్చారు. ముఖం వాచడం, కాళ్లు వాచడం, మూత్రంలో నురగ, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి. అన్నీ తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో.

అయ్యా, నేను ఆ రోజు పేరు లేకుండానే బయటికొచ్చాను. బస్టాండులో మా వారితో పెద్దగా మాట్లాడుతూ మిరపకాయ బజ్జీలు తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

పేరు తర్వాత వచ్చింది, లూపస్‌ను బలంగా సూచించే డబుల్ స్ట్రాండెడ్ డీఎన్‌ఏ యాంటీబాడీ పాజిటివ్ వచ్చాక. అప్పటికే హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టి ఉన్నారు. అది రేపే పనిచేసే మాత్ర కాదు, రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఆరు, మధ్యలో మానేసి నన్ను తిట్టుకోవద్దు అని ముందే చెప్పారు. బరువు చూసి కిలోకి రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా లెక్కగట్టారు. కంటి వెనకపొర మీద ప్రభావం ఉండొచ్చు కనుక మొదట్లోనే ఒకసారి కళ్లు చూపించుకోవాలన్నారు, అయిదేళ్లు దాటాక ఏటా. మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి "ఇది కరోనా మాత్ర కదా ఆంటీ?" అన్నాడు. 2020 మార్చిలో జనం దీనికోసం ఎగబడినప్పుడు, రోజూ దీని మీదే బతికే లూపస్ వాళ్లు, కీళ్లవాతం వాళ్లు మాత్ర దొరక్క అల్లాడిపోయారని డాక్టరు గారే ఒకసారి చెప్పారు. నేనప్పటికి ఆ గుంపులో లేను.

డ్యూటీ గురించి కూడా ఆయనే ఎత్తారు. ఉద్యోగం మానమని అనలేదు. నిండు చేతుల చొక్కా, టోపీ, మధ్యాహ్నపు సర్వీసులు తగ్గించుకోవడం వీలవుతుందా అని అడిగి, కారణం వివరిస్తూ మా మేనేజరు గారికి ఉత్తరం రాసిచ్చారు. కిటికీ అద్దం వేసుకున్నా కొన్ని రకాల కిరణాలు దూరతాయని, పల్లెవెలుగులో ఎలాగూ అద్దాలు తీసే ఉంటాయని అందులో రాశారు. మేనేజరు గారు చదివి సాయంత్రం సర్వీసులు వేశారు. జోకులు ఆగిపోయాయి. మందు కన్నా ముందు పనిచేసింది ఆ ఉత్తరమే.

నాకు జబ్బు తగ్గిపోలేదు, తగ్గిపోయేదీ కాదు. లూపస్ వచ్చేవాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే, ఎక్కువమందికి పిల్లల్ని కనే వయసులోనే వస్తుంది. మూత్రపిండాలకు పాకితే మొదట్లో నొప్పి కూడా తెలియదు, మూత్రంలో ప్రొటీన్ పోవడమే గుర్తు. అందుకే ఒంట్లో ఎంత బాగున్నా నాకు మూడు నెలలకోసారి మూత్రపరీక్ష. ఎంతో చవకైన పరీక్ష అది. భుజం తట్టిన పెద్దాయన రాయకుండా వదిలేసింది అదే.

ఇంత సొద మీకెందుకంటే, నేను ఆ గదిలో చూసింది ఆయన స్వభావం మాత్రమే అయితే ఉత్తరం ఆయనకే రాసి ఊరుకునేదాన్ని. స్వభావం మీరు నేర్పలేరు. కానీ ఆయన చేసినవన్నీ పనులు. తెలుగు కాగితం ఒక పని. కాగితాలు తారీఖు వరసలో పేర్చడం ఒక పని. మొదట మాట, తర్వాత చెయ్యి, ఆ తర్వాతే రిపోర్టు అన్న క్రమం ఒక పని. పేరు తెలియనప్పుడు తెలియలేదని చెప్పి, తర్వాత ఏం చేస్తామో రాసిచ్చి, మనిషిని వదిలిపెట్టకపోవడం అన్నిటికన్నా పెద్ద పని. ఇవన్నీ నేర్పవచ్చు. నేర్పినవి వచ్చాయో లేదో పరీక్ష పెట్టి మార్కులు కూడా వేయవచ్చు.

మీరు నేర్పడం లేదని అనను. 2019లో చేరిన బ్యాచి నుంచి దేశమంతా ఎంబీబీఎస్‌లో ఎట్‌కామ్ అనే పాఠం పెట్టారని, రోగితో మాట్లాడటం, నడవడిక, నైతికత అందులో ఉంటాయని మా మేనకోడలు చెప్పింది. "మరి బాగా చెబుతారా?" అంటే, "చెబుతారత్తా, రికార్డు రాయిస్తారు" అంది. రికార్డు అంటే మాకూ తెలుసు. మేం టికెట్ల లెక్క రాసే వే బిల్లులో అన్నీ సరిగ్గానే ఉంటాయి.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పండగ ముందు రోజు నా బస్సు ఎలా ఉంటుందో మీ పెద్దాసుపత్రి ఓపీ రోజూ అలా ఉంటుంది. ఫుట్‌బోర్డు దాకా జనం నిలబడి ఉంటే నేను ఎవరి కథా వినలేను, టికెట్ కొట్టుకుంటూ పోవాలి. 2017లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక 67 దేశాల లెక్కలు తీసి చూపింది. స్వీడన్‌లో డాక్టరు ఒక రోగికి సగటున 22 నిమిషాలకు పైగా ఇస్తే బంగ్లాదేశ్‌లో 48 సెకన్లట. మన లెక్క రెండు నిమిషాల చుట్టుపక్కల. రెండు నిమిషాల్లో లూపస్ దొరకదు, నేను ఒప్పుకుంటాను. కానీ గొంతు నొప్పికి రెండు నిమిషాలు చాలు. సంచి లావుగా ఉన్న మనిషికి చాలదు. ఈ ఇద్దరినీ ఒకే లైన్లో నిలబెట్టడం దగ్గరే తప్పు జరుగుతోందని నా అభిప్రాయం. మేం కూడా గుంటూరు దాకా వెళ్లేవాళ్లను, మేడికొండూరులో దిగేవాళ్లను తలుపు దగ్గరే వేరు చేసి నిలబెడతాం, లేకపోతే బస్సు కదలదు.

నేను అడుగుతున్నవి ఇవి. బోధనాసుపత్రుల్లో వారానికి ఒక మధ్యాహ్నం, ఏళ్లుగా తిరుగుతూ పేరు తెలియని రోగుల కోసం విడిగా ఓపీ పెట్టండి. పీజీ విద్యార్థి ఒకరు ఆ మధ్యాహ్నంలో కొద్దిమందినే చూడాలి, సంచి మొత్తం వరసలో పెట్టి ప్రొఫెసరు గారికి చూపించాలి. ఖర్చు దాదాపు లేదు, మధ్యాహ్నాలు గదులు ఖాళీగానే ఉంటాయి. ఆ తెలుగు ప్రశ్నల కాగితం లాంటిది మీ ప్రొఫెసర్లే తయారు చేసి జిల్లా ఆసుపత్రుల ఓపీ చీటీతోపాటు ఇప్పించండి. హౌస్ సర్జన్లు కొన్నాళ్లైనా రుమటాలజీ ఓపీలో కూర్చునేలా చూడండి. ఆ విభాగం లేనిచోట అది ఉన్నచోటికి పంపండి. ఇవాళ వాళ్లు ఒక్క లూపస్ మనిషిని కళ్లారా చూస్తే, రేపు ఏ మండలంలో ప్రాక్టీసు పెట్టినా ఆ బుగ్గల మీది ఎరుపును మంగు అనరు.

ఇక పరీక్ష సంగతి. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫైనల్ ప్రాక్టికల్స్‌లో, ఒక రోగిని పూర్తిగా పరీక్షించి చెప్పాల్సిన లాంగ్ కేసుకి స్పష్టమైన లక్షణాలున్న రోగుల్నే పెడతారట. గుండెలో చప్పుడు, ఉబ్బిన కాలేయం, పక్షవాతం. చప్పుడు పట్టుకుంటే మార్కులు. రోగులు కూడా పాతవాళ్లే కాబట్టి తమ జబ్బు పేరు వాళ్లే చెవిలో చెప్పేస్తారని పిల్లలు నవ్వుకుంటారు. పరీక్షలో ఎప్పుడూ జవాబు ఉన్న మనిషినే చూసిన కుర్రాడికి, జవాబు దొరకని మనిషి ఎదురొస్తే ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? రిపోర్టులన్నీ నార్మల్ అని పంపేయడమే తెలుస్తుంది. కాబట్టి ఒక్క కేసైనా పేరు తేలని రోగిని పెట్టండి. పేరు చెప్పినందుకు మార్కులు వేయకండి. ఎంతసేపు ఆపకుండా విన్నాడు, ఏం అడిగాడు, ఏ చవక పరీక్ష మర్చిపోలేదు, తెలియనిదాన్ని రోగికి ఏ మాటల్లో చెప్పాడు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు అన్నవాటికి వేయండి. పల్నాడు నుంచి వచ్చిన ముసలమ్మకు అర్థమయ్యే తెలుగులో చెప్పాడా అన్నదానికి కూడా వేయండి. ఇంగ్లీషులో బాగా చదివి తెలుగులో తడబడే పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

1986లో దేశంలోనే మొట్టమొదటి ఆరోగ్య విశ్వవిద్యాలయంగా మీది పుట్టింది. 2022లో పేరు మార్చారు, 2024లో మళ్లీ పాత పేరు పెట్టారు, రెండుసార్లూ బోర్డులు, లెటర్‌హెడ్లు అన్నీ మారాయి. అంత పెద్ద పని చకచకా అయినప్పుడు, మార్కుల కాగితంలో ఒక గడి మార్చడం అసాధ్యమని ఎవరైనా అంటే నేను నమ్మను. జాతీయ స్థాయి నిబంధనలున్నాయంటారేమో. వాటిలో మీ చేతిలో ఉన్న మేరకే చేయండి, మిగతాది పైకి రాయండి.

కేసుగా కూర్చోడానికి రోగులు దొరకరని మాత్రం అనకండి. నేనొస్తాను. నాకు వీక్లీ ఆఫ్ ఉంటుంది, ముందుగా చెబితే మార్చుకుంటాను. నా పాత సంచి, పేరు తెలియక ముందటి కాగితాలు అలాగే దాచి ఉంచాను, పేరున్న రిపోర్టులు తీసేసి అవే తెస్తాను. జబ్బు పేరు చచ్చినా చెప్పను. పరీక్ష మాత్రం పొద్దున్నే పెట్టించండి, మధ్యాహ్నపు ఎండలో నేను రాకూడదు.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టర్,
గుంటూరు